తల గాయాలలో నాడీకణ సంరక్షక ఔషధాలు

తలకు బలమైన దెబ్బ తగిలిన తరువాత మెదడులోని కణాలు మరింతగా చనిపోకుండా కాపాడటానికి వాడిన, లేదా ఆ ఉద్దేశంతో పరీక్షించిన మందులను నాడీకణ సంరక్షక ఔషధాలు అంటారు. దెబ్బ తగిలిన క్షణంలోనే చనిపోయిన కణాలను ఏ మందూ తిరిగి బ్రతికించలేదు. అయితే ఆ తరువాత కొన్ని గంటలు, కొన్ని రోజుల పాటు సాగే రసాయనిక మార్పుల వలన అప్పటివరకు బ్రతికి ఉన్న కణాలు కూడా చనిపోతాయి. ఈ రెండవ నష్టాన్ని అడ్డుకోవడమే ఈ ఔషధాల లక్ష్యం.

1980ల నుండి ఇటువంటి మందులు ఎన్నో ఎలుకల వంటి జంతువులలో మంచి ఫలితాలను ఇచ్చాయి. కానీ మనుషులపై జరిగిన పెద్ద ప్రయోగాలలో నాడీకణాలను నేరుగా రక్షించగలదని రుజువైన మందు ఒక్కటి కూడా లేదు. ఒకప్పుడు విరివిగా వాడిన స్టెరాయిడ్లు మేలు చేయకపోగా మరణాలను పెంచుతున్నాయని 2004లో తేలింది. రక్తస్రావాన్ని తగ్గించే ట్రానెక్సమిక్ ఆమ్లం మాత్రం కొందరు రోగులలో, త్వరగా ఇచ్చినప్పుడు, కొంత ప్రయోజనాన్ని చూపింది.

గాయంలో రెండు దశలు

తల గాయం వలన మెదడుకు కలిగే నష్టాన్ని వైద్యులు రెండు దశలుగా విభజిస్తారు.

ప్రాథమిక గాయం: దెబ్బ తగిలిన క్షణంలో కలిగే నష్టం ఇది. పుర్రె చిట్లడం, మెదడు కమిలిపోవడం, రక్తనాళాలు తెగడం, నాడీతంతువులు సాగి దెబ్బతినడం దీనికి ఉదాహరణలు. దీనిని నివారించే మార్గాలు హెల్మెట్, సీటు బెల్టు వంటివే కాని మందులు కావు.

ద్వితీయ గాయం: నిమిషాలలో మొదలై రోజుల తరబడి సాగే నష్టం ఇది. మెదడు వాపు, పుర్రె లోపల రక్తం గడ్డకట్టడం, రక్తప్రసరణ తగ్గడం, ఆక్సిజన్ అందకపోవడం, కణాల లోపల జరిగే విషమ మార్పులు ఇందులోకి వస్తాయి.

గాయపడిన తరువాత స్పృహలో ఉండి మాట్లాడి, ఆ తరువాత మరణించిన రోగుల గురించి గ్లాస్గో నగరానికి చెందిన వైద్యులు 1975లో లాన్సెట్ పత్రికలో ఒక వ్యాసం ప్రచురించారు. మాట్లాడగలిగిన వ్యక్తికి మొదటి దెబ్బతో మెదడు పూర్తిగా నాశనం కాలేదని అర్థం. అంటే ఆ మరణాలకు కారణం తరువాత జరిగిన నష్టమే. ద్వితీయ గాయాన్ని ఆపగలిగితే ప్రాణాలు నిలపవచ్చుననే ఆశకు ఇటువంటి పరిశీలనలే ఆధారం.

గాయ తీవ్రతను కొలవడానికి గ్లాస్గో కోమా స్కేలును వాడతారు. దీనిని 1974లో గ్రాహం టీస్‌డేల్, బ్రయాన్ జెనెట్ రూపొందించారు. కళ్ళు తెరవడం, మాట్లాడటం, కాళ్ళు చేతులు కదపడం అనే మూడు అంశాలకు మార్కులు వేసి కూడతారు. అత్యల్పం 3, అత్యధికం 15. 13 నుండి 15 వరకు స్వల్ప గాయం, 9 నుండి 12 వరకు మధ్యస్థం, 8 లేదా అంతకంటే తక్కువ అయితే తీవ్రమైన గాయం.

కణాలు ఎలా చనిపోతాయి

ద్వితీయ గాయంలో ఒకదాని నుండి మరొకటి పుట్టే పలు ప్రక్రియలు ఉన్నాయి. ఒక్కొక్క ప్రక్రియను ఆపడానికి ఒక్కొక్క రకం మందును ప్రయత్నించారు.

* గ్లుటమేట్ వరద: గ్లుటమేట్ నాడీకణాల మధ్య సందేశాలను చేరవేసే పదార్థం. దెబ్బతిన్న కణాల నుండి ఇది మోతాదు మించి వెలువడి, పొరుగు కణాలను విపరీతంగా ఉత్తేజపరుస్తుంది. అతిగా ఉత్తేజితమైన కణం చనిపోతుంది. ఈ రకమైన కణ మరణాన్ని 1969లో జాన్ ఓల్నీ అనే అమెరికా శాస్త్రవేత్త వివరించారు.
* కాల్షియం చొరబాటు: గ్లుటమేట్ వలన కణత్వచంలోని ఎన్.ఎం.డి.ఎ. గ్రాహకాలు తెరుచుకుని కాల్షియం అయాన్లు లోపలికి దూసుకువస్తాయి. అవి మాంసకృత్తులను, కొవ్వులను విచ్ఛిన్నం చేసే ఎంజైములను మేల్కొలుపుతాయి.
* మైటోకాండ్రియా దెబ్బతినడం: కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాలో కాల్షియం పేరుకుపోయి శక్తి ఉత్పత్తి కుంటుపడుతుంది. శక్తి లేనిదే కణం తనలోని సోడియం, కాల్షియంలను బయటకు పంపలేదు. దానితో కణం ఉబ్బుతుంది.
* ఫ్రీ రాడికల్స్: చురుకైన ఆక్సిజన్ అణువులు కణత్వచంలోని కొవ్వులను ఆక్సీకరణం చేసి పాడుచేస్తాయి. మెదడులో కొవ్వు పదార్థం ఎక్కువ కనుక ఈ నష్టం కూడా ఎక్కువ.
* శోథ: దెబ్బతిన్న ప్రాంతానికి రోగనిరోధక కణాలు చేరి వాపును పెంచుతాయి. రక్తానికి, మెదడుకు మధ్య ఉండే అవరోధం సడలి ద్రవం మెదడులోకి చేరుతుంది.
* కణాల స్వయం మరణం: కొన్ని కణాలు వెంటనే చనిపోక, తమలోని జన్యు కార్యక్రమం ప్రకారం కొన్ని రోజుల తరువాత అంతరిస్తాయి.

పుర్రె గట్టి పెట్టె వంటిది. అందులో మెదడు వాచినా, రక్తం చేరినా విస్తరించడానికి చోటు ఉండదు. కనుక లోపలి పీడనం పెరిగి మెదడుకు రక్తం అందడం తగ్గుతుంది. రక్తం అందకపోతే మరిన్ని కణాలు చనిపోయి వాపు ఇంకా పెరుగుతుంది.

పరీక్షించిన ఔషధాలు

స్టెరాయిడ్లు

మెదడులో కణితి ఉన్నవారికి స్టెరాయిడ్లు ఇస్తే కణితి చుట్టూ ఉన్న వాపు వేగంగా తగ్గుతుందని 1960ల మొదట్లో తెలిసింది. అదే తర్కంతో తల గాయాలకు కూడా వీటిని ఇవ్వడం మొదలైంది. మూడు దశాబ్దాలకు పైగా ఈ పద్ధతి పలు దేశాలలో కొనసాగింది. ఈ కాలంలో జరిగిన ప్రయోగాలన్నీ చిన్నవి కావడం వలన అసలు ప్రయోజనం ఉన్నదా లేదా అన్నది తేలలేదు. 1997లో వాటి ఫలితాలను కలిపి చూసినప్పుడు మరణాలు కొద్దిగా తగ్గే అవకాశం ఉన్నట్లు కనిపించినా, అది కాకతాళీయం కావచ్చునన్న సందేహం మిగిలింది.

ఈ సందేహాన్ని తీర్చడానికి క్రాష్ అనే అంతర్జాతీయ ప్రయోగాన్ని చేపట్టారు. గాయపడిన 8 గంటల లోపు, కోమా స్కేలుపై 14 లేదా అంతకంటే తక్కువ ఉన్న పెద్దలకు 48 గంటల పాటు మిథైల్ ప్రెడ్నిసొలోన్ లేదా ఉత్తుత్తి మందు ఇచ్చారు. 20,000 మందిని చేర్చాలని సంకల్పించినా 10,008 మంది చేరేసరికే 2004 మే నెలలో ప్రయోగాన్ని ఆపివేయవలసి వచ్చింది. రెండు వారాల లోపు స్టెరాయిడ్ తీసుకున్నవారిలో 21.1 శాతం, ఉత్తుత్తి మందు తీసుకున్నవారిలో 17.9 శాతం మరణించారు. ఆరు నెలల తరువాత చూసినప్పుడు ఈ సంఖ్యలు 25.7, 22.3 శాతంగా ఉన్నాయి.

స్టెరాయిడ్ ఇచ్చిన ప్రతి వంద మందిలో సుమారు ముగ్గురు అదనంగా మరణించారన్నమాట. అంతకుముందు దశాబ్దాలలో ఈ మందు పొందిన రోగుల సంఖ్యను తలచుకుంటే ఈ ఫలితం ఎంత తీవ్రమైనదో అర్థమవుతుంది. సరైన పరీక్ష లేకుండా, తర్కం బాగున్నదన్న కారణంతో మందు వాడితే జరిగే హానికి వైద్య విద్యలో దీనిని తరచుగా ఉదాహరణగా చెబుతారు. అప్పటి నుండి తీవ్రమైన తల గాయాలలో అధిక మోతాదు మిథైల్ ప్రెడ్నిసొలోన్ నిషిద్ధం.

గ్లుటమేట్, కాల్షియంలను అడ్డుకునే మందులు

గ్లుటమేట్ గ్రాహకాలను మూసివేసే సెల్ఫోటెల్ అనే మందును 1990లలో తీవ్రమైన తల గాయాలపై పరీక్షించారు. ఇదే మందుపై పక్షవాత రోగులలో జరుగుతున్న ప్రయోగాలలో భద్రత గురించి అనుమానాలు రావడంతో వీటిని మధ్యలోనే నిలిపివేశారు. అప్పటివరకు వచ్చిన ఫలితాలలోనూ ప్రయోజనం కనబడలేదు. డెక్సనాబినాల్ అనే మరొక మందును 861 మందిపై పరీక్షించి, 2006లో ఫలితాలను ప్రకటించారు. అది సురక్షితమే కాని మేలు చేయలేదు.

కాల్షియం మార్గాలను అడ్డుకునే నిమోడిపిన్‌ను నాలుగు ప్రయోగాలలో పరీక్షించారు. రక్తనాళంలోని బుడగ పగిలి మెదడు పొరల మధ్య రక్తస్రావమైన రోగులకు ఈ మందు ఉపయోగపడుతుంది. తల గాయాల విషయంలో మాత్రం అటువంటి ప్రయోజనం రుజువు కాలేదు.

మెగ్నీషియం సహజంగానే ఎన్.ఎం.డి.ఎ. గ్రాహకపు మార్గాన్ని మూసి ఉంచుతుంది. చవకైనది, ఎక్కడైనా దొరికేది. అందువలన దీనిపై ఎన్నో ఆశలు పెట్టుకున్నారు. అమెరికాలోని సియాటిల్ నగరంలో 499 మందిపై జరిగిన ప్రయోగం ఫలితాలు 2007లో వెలువడ్డాయి. మెగ్నీషియం ఇచ్చినవారు మెరుగ్గా కోలుకోలేదు సరికదా, కొన్ని అంశాలలో వారి పరిస్థితి ఇంకా అధ్వానంగా ఉన్నది.

ఫ్రీ రాడికల్స్‌ను అరికట్టే మందులు

ఫ్రీ రాడికల్స్‌ను నిర్వీర్యం చేసే పెగార్గోటీన్ అనే ఎంజైమును 463 మందిపై పరీక్షించారు (1996). కొవ్వుల ఆక్సీకరణను ఆపే టిరిలాజాడ్‌ను 1,120 మందిపై పరీక్షించారు (1998). రెండూ విఫలమయ్యాయి.

ప్రొజెస్టెరోన్

తల గాయమైన ఆడ ఎలుకలు మగ ఎలుకల కంటే బాగా కోలుకోవడాన్ని అమెరికా శాస్త్రవేత్త డోనాల్డ్ స్టెయిన్ గమనించారు. స్త్రీలలో ఎక్కువగా ఉత్పత్తి అయ్యే ప్రొజెస్టెరోన్ అనే హార్మోను ఇందుకు కారణమై ఉండవచ్చునని ఆయన బృందం భావించింది. ఈ హార్మోను మెదడు వాపును, శోథను, కణ మరణాలను తగ్గిస్తుందని జంతువులపై జరిగిన అనేక ప్రయోగాలు చూపాయి. 2007లో అమెరికాలో 100 మందిపై, 2008లో చైనాలో 159 మందిపై జరిగిన చిన్న ప్రయోగాలు కూడా ఆశాజనకంగా ఉన్నాయి.

ఆ తరువాత రెండు పెద్ద ప్రయోగాలు జరిగాయి. మొదటిది అమెరికాలో 882 మందిపై జరిగిన ప్రొటెక్ట్-3. రెండవది పలు దేశాలలో 1,195 మందిపై జరిగిన సినాప్స్. రెండింటి ఫలితాలు 2014 డిసెంబరులో వెలువడ్డాయి. ప్రొటెక్ట్-3లో ప్రొజెస్టెరోన్ పొందినవారిలో 51.0 శాతం, ఉత్తుత్తి మందు పొందినవారిలో 55.5 శాతం బాగా కోలుకున్నారు. సినాప్స్‌లో ఈ సంఖ్యలు 50.4, 50.5 శాతం. అంటే హార్మోను వలన ఏ ప్రయోజనమూ లేదు.

సిటికోలిన్

కణత్వచాల నిర్మాణానికి అవసరమైన ఫాస్ఫాటిడిల్ కోలిన్ తయారీలో ఏర్పడే పదార్థం సిటికోలిన్. తల గాయాలకు, పక్షవాతానికి భారతదేశంతో సహా పలు దేశాలలో దీనిని వాడుతున్నారు. కోబ్రిట్ అనే ప్రయోగంలో 1,213 మంది రోగులకు 90 రోజుల పాటు రోజుకు 2,000 మిల్లీగ్రాముల సిటికోలిన్ లేదా ఉత్తుత్తి మందు ఇచ్చారు. 2012లో వెలువడిన ఫలితాల ప్రకారం రోజువారీ పనులు చేసుకునే శక్తిలో కాని, జ్ఞాపకశక్తి, ఆలోచనాశక్తి వంటి వాటిలో కాని రెండు వర్గాల మధ్య తేడా కనబడలేదు.

ఎరిత్రోపాయిటిన్

ఎర్ర రక్తకణాల ఉత్పత్తిని పెంచే ఈ హార్మోనుకు నాడీకణాలను రక్షించే గుణం కూడా ఉన్నట్లు జంతువులలో కనిపించింది. 606 మందిపై జరిగి 2015లో ఫలితాలు వెలువడిన ప్రయోగంలో తీవ్రమైన అంగవైకల్యం తగ్గలేదు.

ట్రానెక్సమిక్ ఆమ్లం

ఇది రక్తపు గడ్డలు కరిగిపోకుండా ఆపి రక్తస్రావాన్ని తగ్గించే మందు. ఇది నాడీకణాలపై నేరుగా పనిచేసే సంరక్షకం కాదు. అయితే పుర్రె లోపల రక్తం చేరడం తగ్గితే మెదడుపై ఒత్తిడి కూడా తగ్గుతుంది. ప్రమాదాలలో గాయపడి రక్తం పోతున్న 20,211 మందిపై జరిగిన క్రాష్-2 ప్రయోగం (2010) ఈ మందు మరణాలను తగ్గిస్తుందని చూపింది. ఈ ప్రయోగంలో భారతదేశపు ఆసుపత్రులు కూడా పాల్గొన్నాయి.

దీనికి కొనసాగింపుగా తల గాయాలపై 29 దేశాలలో 12,737 మందితో క్రాష్-3 జరిగింది. ఫలితాలు 2019లో వెలువడ్డాయి. మూడు గంటల లోపు చికిత్స పొందినవారిలో తల గాయం వలన మరణించినవారు మందు ఇచ్చినప్పుడు 18.5 శాతం, ఇవ్వనప్పుడు 19.8 శాతం. ఈ తేడా కాకతాళీయం కావచ్చు. అయితే స్వల్ప, మధ్యస్థ గాయాలు ఉన్నవారిని విడిగా చూసినప్పుడు మరణాలు 7.5 శాతం నుండి 5.8 శాతానికి తగ్గాయి. తీవ్రమైన గాయాలు ఉన్నవారిలో తగ్గుదల కనబడలేదు. ఆలస్యం పెరిగిన కొద్దీ మందు ప్రభావం తగ్గింది. మరోవైపు, ఆసుపత్రికి చేరకముందే ఈ మందు ఇచ్చి చూసిన ఒక ఉత్తర అమెరికా ప్రయోగంలో (2020) ఆరు నెలల తరువాత కోలుకోవడంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. కనుక ఈ మందు ప్రయోజనం గురించి చర్చ పూర్తిగా ముగియలేదు.

వైఫల్యానికి కారణాలు

జంతువులలో పనిచేసిన మందులు మనుషులలో ఎందుకు విఫలమయ్యాయనే ప్రశ్నకు పరిశోధకులు పలు సమాధానాలు సూచించారు.

* సమయం: ప్రయోగశాలలో ఎలుకకు గాయమైన కొద్ది నిమిషాలకే, కొన్నిసార్లు గాయానికి ముందే, మందు ఇస్తారు. మనిషి ఆసుపత్రికి చేరి, పరీక్షలు పూర్తయి, బంధువుల అంగీకారం లభించేసరికి గంటలు గడుస్తాయి. గ్లుటమేట్ వరద అప్పటికే తగ్గిపోవచ్చు. పైగా ఆ తరువాత దశలో బ్రతికి ఉన్న కణాల మనుగడకు గ్లుటమేట్ అవసరం కావచ్చునని, అప్పుడు దానిని అడ్డుకోవడం వలన హాని జరగవచ్చునని కొందరి వాదన.
* గాయాలలో వైవిధ్యం: ప్రయోగశాల ఎలుకలన్నీ ఒకే జాతివి, ఒకే వయసువి. వాటికి చేసే గాయం కూడా ఒకే కొలతతో ఉంటుంది. మనుషులలో ఒకరికి రక్తం గడ్డకట్టి ఉంటుంది, మరొకరికి నాడీతంతువులు దెబ్బతిని ఉంటాయి. వయసు, మధుమేహం, మద్యం, శరీరంలోని ఇతర గాయాలు కూడా ఫలితాన్ని మారుస్తాయి. వీరందరినీ ఒకే వర్గంగా చూస్తే ఎవరికైనా మేలు జరిగినా అది సగటులో కనబడదు.
* మెదడు నిర్మాణం: ఎలుక మెదడు నునుపుగా ఉంటుంది. మనిషి మెదడులో మడతలు ఎక్కువ, నాడీతంతువులతో నిండిన తెల్లని పదార్థం కూడా ఎక్కువ.
* మోతాదు: రక్తంలో కలిసిన మందు ఎంతవరకు మెదడులోకి చేరుతున్నదో సరిగా తెలుసుకోకుండానే కొన్ని పెద్ద ప్రయోగాలు మొదలయ్యాయి.
* ఒకే లక్ష్యం: పలు ప్రక్రియలు ఒకేసారి సాగుతున్నప్పుడు వాటిలో ఒక్కదానిని ఆపడం చాలకపోవచ్చు.
* కొలమానం: ఫలితాన్ని కొలవడానికి వాడే గ్లాస్గో ఔట్‌కమ్ స్కేలులో (1975) మరణం నుండి మంచి కోలుకోలు వరకు ఐదు మెట్లే ఉన్నాయి. చిన్నపాటి మెరుగుదలను అది పట్టుకోలేదు.

ప్రస్తుత చికిత్సా విధానం

నాడీకణాలను నేరుగా రక్షించే మందు లేకపోయినా ద్వితీయ గాయాన్ని తగ్గించే మార్గాలు ఉన్నాయి. శ్వాస అందేలా చూడటం, ఆక్సిజన్ తగ్గకుండా కాపాడటం, రక్తపోటు పడిపోకుండా చూడటం అన్నిటికంటే ముఖ్యమైనవి. రక్తపు గడ్డ ఉంటే శస్త్రచికిత్సతో తొలగిస్తారు.

అమెరికాకు చెందిన బ్రెయిన్ ట్రామా ఫౌండేషన్ 1995లో మొదటిసారిగా చికిత్సా మార్గదర్శకాలను ప్రచురించింది. 2016లో వచ్చిన నాలుగవ కూర్పు ప్రకారం పుర్రె లోపలి పీడనం 22 మిల్లీమీటర్ల పాదరస మట్టం దాటితే చికిత్స చేయాలి. ఇందుకు వాడే ముఖ్యమైన మందులు:

* మానిటాల్, గాఢ ఉప్పు ద్రావణం: ఇవి మెదడు కణజాలం నుండి నీటిని రక్తంలోకి లాగి వాపును తగ్గిస్తాయి.
* మత్తు మందులు: మెదడు పనిని తగ్గించి దాని ఆక్సిజన్ అవసరాన్ని తగ్గిస్తాయి. ఇతర చికిత్సలకు లొంగని పీడనానికి అధిక మోతాదు బార్బిట్యురేట్లు వాడతారు. వీటి వలన రక్తపోటు పడిపోయే ప్రమాదం ఉన్నది.
* మూర్ఛ నివారణ మందులు: ఫెనిటాయిన్ మొదటి వారంలో వచ్చే మూర్ఛలను తగ్గిస్తుందని, ఆ తరువాత వచ్చే వాటిని నివారించలేదని 1990లో 404 మందిపై జరిగిన ప్రయోగం చూపింది. లెవెటిరాసెటమ్‌ను కూడా వాడుతున్నారు.

శరీర ఉష్ణోగ్రతను తగ్గించే చికిత్స కూడా జంతువులలో నాడీకణాలను కాపాడింది. మనుషులపై 2001, 2015, 2018లలో ఫలితాలు వెలువడిన పెద్ద ప్రయోగాలలో అది ప్రయోజనం చూపలేదు. జ్వరం రాకుండా చూడటం మాత్రం సాధారణ చికిత్సలో భాగం.

కోలుకునే దశలో

కణ మరణాన్ని ఆపడం వేరు, మిగిలిన కణాల పనితీరును మెరుగుపరచడం వేరు. గాయమై 4 నుండి 16 వారాలు గడిచినా పూర్తి స్పృహ రాని 184 మంది రోగులకు అమాంటడిన్ అనే మందు ఇచ్చి చూసిన ప్రయోగం ఫలితాలు 2012లో వెలువడ్డాయి. మందు ఇచ్చిన నాలుగు వారాలలో వారు ఉత్తుత్తి మందు పొందినవారి కంటే వేగంగా కోలుకున్నారు. మందు ఆపిన తరువాత ఆ వేగం తగ్గింది. ఈ రంగంలో సానుకూల ఫలితం ఇచ్చిన కొద్ది మందులలో ఇది ఒకటి.

భారతదేశంలో

భారతదేశంలో 2022లో రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది మరణించినట్లు కేంద్ర రవాణా మంత్రిత్వ శాఖ నివేదిక తెలుపుతున్నది. వీరిలో దాదాపు 44.5 శాతం ద్విచక్ర వాహనాలపై ప్రయాణించినవారు. ద్విచక్ర వాహన ప్రమాదాలలో మరణానికి, అంగవైకల్యానికి తల గాయాలు ఒక ప్రధాన కారణం.

ఏ మందైనా, శస్త్రచికిత్స అయినా సమయానికి అందితేనే పనిచేస్తుంది. ఈ దృష్టితో 2005 ఆగస్టు 15న హైదరాబాదులో ప్రారంభమైన 108 అత్యవసర అంబులెన్సు సేవకు ప్రాముఖ్యం ఉన్నది. తరువాత ఇది ఇతర రాష్ట్రాలకు విస్తరించింది. ప్రమాద బాధితులకు సాయపడే బాటసారులకు చట్టపరమైన చిక్కులు రాకుండా 2019 మోటారు వాహనాల సవరణ చట్టం రక్షణ కల్పించింది.

రుజువు లేని ఖరీదైన మందులను వారాల తరబడి కొనవలసి వస్తే ఆ భారం రోగి కుటుంబంపై పడుతుంది. అందువలన విఫలమైన ప్రయోగాల ఫలితాలు కూడా సామాన్యులకు ఉపయోగపడే సమాచారమే.

పరిశోధనలు

పాత వైఫల్యాల నుండి నేర్చుకున్న పాఠాలతో పరిశోధన కొత్త దారులు పట్టింది. అమెరికాలో ఆపరేషన్ బ్రెయిన్ ట్రామా థెరపీ అనే సమాఖ్య ఒకే మందును పలు ప్రయోగశాలలలో, వేర్వేరు రకాల గాయాలపై పరీక్షించే పద్ధతిని అనుసరించింది. 2016లో ప్రచురితమైన తొలి ఐదు మందుల ఫలితాలలో లెవెటిరాసెటమ్ మిగిలిన వాటికంటే మెరుగ్గా కనిపించింది.

గాయం రకాన్ని రక్త పరీక్ష ద్వారా గుర్తించే ప్రయత్నాలు కూడా సాగుతున్నాయి. మెదడు కణాలు దెబ్బతిన్నప్పుడు రక్తంలోకి చేరే రెండు మాంసకృత్తులను కొలిచే పరీక్షకు 2018లో అమెరికా ఆహార, ఔషధ సంస్థ అనుమతి ఇచ్చింది. స్వల్ప గాయాలలో సి.టి. స్కాన్ అవసరమా కాదా అని నిర్ణయించడానికి అది తోడ్పడుతుంది. ఐరోపాలో సెంటర్-టిబిఐ, అమెరికాలో ట్రాక్-టిబిఐ అనే అధ్యయనాలు వేలాది రోగుల వివరాలను సేకరించి, ఏ రకం గాయానికి ఏ చికిత్స సరిపోతుందో తెలుసుకోవడానికి మార్గం వేశాయి.

ఇవి కూడా చూడండి

* మెదడు
* నాడీకణము
* కోమా
* పక్షవాతం
* మూర్ఛ
* 108 అంబులెన్సు సేవ